గేర్‌బాక్స్ మార్చాక క్లచ్ విడవడం లేదా? హైడ్రాలిక్ క్లచ్ గురించి అపోహలు - వాస్తవాలు

వేరే గేర్‌బాక్స్ ఎక్కించిన కారు చూడమని నన్ను పిలిచేసరికి, మామూలుగా పక్కన రెండు మూడు బ్రేక్ ఆయిల్ డబ్బాలు ఖాళీగా దొర్లుతుంటాయి. పెడల్ తొక్కి తొక్కి ఎవరో ఒకరికి పిక్క పట్టేసి ఉంటుంది. ఎక్కడికెళ్లినా ఒకటే మాట: "ఇంకా లోపల ఎయిర్ ఉందండీ, పోవడం లేదు." నేను మాత్రం స్పానర్ పట్టుకునే ముందు ఒకటే అడుగుతాను. గేర్‌బాక్స్ ఎక్కించే ముందు కొలతలు రాసుకున్నారా? చాలాసార్లు జవాబు ఉండదు.

అపోహ: క్లచ్ విడవకపోతే లైన్‌లో ఎయిర్ ఉన్నట్టే

ఎయిర్ ఉంటే పెడల్ స్పాంజిలా మెత్తగా ఉంటుంది, గబగబా నాలుగుసార్లు కొడితే కాస్త పైకి లేస్తుంది. అలా కాకుండా మొదటి తొక్కుడు నుంచే పెడల్ గట్టిగా ఉండి, అడుగు దాకా తొక్కినా రివర్స్ గేర్ గరగరమంటూ పడుతోందంటే అనుమానం ఇంకోవైపు పోవాలి. ఆయిల్ వెళుతోంది, కానీ సరిపడా వెళ్లడం లేదు.

లెక్క చిన్నదే. పెడల్ తొక్కితే ఆయిల్ నెట్టేది మాస్టర్ సిలిండర్. దాని పిస్టన్ వైశాల్యాన్ని అది కదిలే దూరంతో గుణిస్తే ఎంత ఆయిల్ బయటికి నెట్టిందో తెలుస్తుంది. అదే ఆయిల్ గేర్‌బాక్స్ వైపు ఉండి క్లచ్‌ను విడిపించే స్లేవ్ సిలిండర్ పిస్టన్‌ను కదపాలి. మీరు కొత్తగా వేసినది గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ చుట్టూ కూర్చునే హైడ్రాలిక్ రిలీజ్ బేరింగ్ (స్లేవ్, బేరింగ్ ఒకటిగా ఉండే రకం) అనుకుందాం. దాని పిస్టన్ వైశాల్యం 700 చదరపు మి.మీ., క్లచ్ పూర్తిగా విడవడానికి బేరింగ్ 10 మి.మీ. కదలాలి. అంటే 7 ఘన సెం.మీ. ఆయిల్ కావాలి. పాత కారులోని 5/8 అంగుళం మాస్టర్ వైశాల్యం 198 చదరపు మి.మీ. అంత ఆయిల్ పంపాలంటే దాని పిస్టన్ 35 మి.మీ. దాకా కదలాలి. పిస్టన్‌కు ఉన్న నడకే 30 మి.మీ. అయితే, ఏడాది పాటు బ్లీడింగ్ చేసినా (లైన్‌లోని ఎయిర్ తీసినా) ఆ క్లచ్ విడవదు. 3/4 అంగుళం మాస్టర్ వేస్తే 285 చదరపు మి.మీ., 25 మి.మీ. కన్నా తక్కువ కదలికతో పని అయిపోతుంది.

పెడల్ నిష్పత్తి కూడా ఇక్కడే చూసుకోవాలి. పెడల్ పివట్ నుంచి పాదం పెట్టే చోటికి ఉన్న దూరాన్ని, పివట్ నుంచి పుష్‌రాడ్ దాకా ఉన్న దూరంతో భాగించండి. హైడ్రాలిక్ క్లచ్‌కు 6 దగ్గర ఉంటే బాగుంటుంది. పై లెక్క ప్రకారం పాదం 15 సెం.మీ. దాకా కదలాలి. మ్యాట్ మందం, కింద ఫ్లోర్ వంపు చూసుకుని అంత చోటు ఉందో లేదో కొలవండి.

అపోహ: మాస్టర్ ఎంత పెద్దదైతే పెడల్ అంత తేలిక

సరిగ్గా తలకిందులు. పెద్ద మాస్టర్ ఎక్కువ ఆయిల్ నెడుతుంది, కానీ అదే ఒత్తిడి రావడానికి కాలు ఎక్కువ బలం పెట్టాలి. 3/4 తీసి 7/8 వేస్తే పెడల్ బరువు మూడో వంతుకు పైనే పెరుగుతుంది. పైగా రిలీజ్ బేరింగ్ అవసరానికి మించి నడిచి, ప్రెషర్ ప్లేట్ డయాఫ్రమ్ వేళ్లను (క్లచ్ విడవడానికి బేరింగ్ నొక్కే స్ప్రింగ్ కొసలను) అతిగా వంచేస్తుంది. కొన్నిసార్లు బేరింగ్ పిస్టన్ సీల్ దాటి బయటికే వచ్చేస్తుంది, అప్పుడు గేర్‌బాక్స్ మళ్లీ దించాల్సిందే. అందుకే పెడల్‌కు స్టాపర్ తప్పనిసరి. క్లచ్ పూర్తిగా విడిచాక ఇంకొంచెం మాత్రమే పోయేలా దాన్ని బిగించండి.

లైన్ లావుగా వేస్తే పెడల్ తేలికవుతుందన్నదీ ఇలాంటిదే. లైన్ లావు బలాన్ని మార్చదు. మరీ సన్నమైతే ఆయిల్ నిదానంగా తిరిగొస్తుంది, అంతే. సైలెన్సర్ పైపు పక్కనుంచి లైన్ పోనివ్వకపోవడం అంతకన్నా ముఖ్యం.

అపోహ: బేరింగ్‌కు, వేళ్లకు మధ్య సందు ఉంటే పెడల్ నడక వృథా అవుతుంది

అన్నిటికన్నా ఎక్కువ గేర్‌బాక్స్‌లను రెండోసారి దింపించే అపోహ ఇదే. అందుకే కాస్త సాగదీసి చెప్తాను.

చాలామంది సందును ఖాళీగా పోయే పెడల్ నడక అనుకుంటారు. నిజానికి రిటర్న్ స్ప్రింగ్ లేని హైడ్రాలిక్ బేరింగ్ మొదటి కొన్ని తొక్కుళ్లలోనే వేళ్ల దగ్గరికి వచ్చి అక్కడే ఆగిపోతుంది. వేళ్లు వెనక్కి నెట్టినంత మేరకే పిస్టన్ వెనక్కి జరుగుతుంది. మరి సందు ఎందుకు? మామూలుగా నొక్కే రకం క్లచ్‌లో క్లచ్ ప్లేట్ అరిగేకొద్దీ ప్రెషర్ ప్లేట్ ఫ్లైవీల్ వైపు జరుగుతుంది, వేళ్ల కొసలు గేర్‌బాక్స్ వైపు వస్తాయి. అదీ రెట్టింపుకు మించి: ప్లేట్ 1 మి.మీ. అరిగితే వేళ్లు సుమారు 3 మి.మీ. బయటికి వస్తాయి, కొన్నిటిలో ఇంకా ఎక్కువ. అప్పుడు బేరింగ్ వెనక్కి తగ్గడానికి చోటు లేకపోతే వేళ్లను నొక్కిపట్టి ఉంచుతుంది. క్లచ్ జారుతుంది. ఓనరేమో "కొత్త ప్లేటే పాడైపోయింది" అని ప్లేట్‌ను తిడతాడు.

కొలిచే పద్ధతి ఇది. ఫ్లైవీల్, క్లచ్ ప్లేట్, ప్రెషర్ ప్లేట్ అన్నీ సరైన టార్క్‌కు బిగించాకే కొలవాలి. ప్లేట్ లేకుండా కొలిస్తే వేళ్లు వేరే చోట ఉంటాయి. బెల్ హౌసింగ్ విడిగా వచ్చే రకమైతే, దాన్ని ఇంజిన్‌కు బిగించి, గేర్‌బాక్స్ ఆనే ముఖం నుంచి వేళ్ల కొసల దాకా లోతు తీసుకోండి. 92.4 మి.మీ. వచ్చిందనుకోండి. తర్వాత బేరింగ్‌ను పూర్తిగా లోపలికి నొక్కి, గేర్‌బాక్స్ ముఖం నుంచి బేరింగ్ ముఖం దాకా ఎత్తు తీసుకోండి. 84.1 వచ్చిందనుకుంటే సందు 8.3. విడిగా అమ్మే బేరింగ్‌లకు సాధారణంగా 0.150 నుంచి 0.200 అంగుళం, అంటే 3.8 నుంచి 5 మి.మీ. అడుగుతారు. మీ బేరింగ్ కాగితంలో ఉన్న అంకెదే చివరి మాట. బేరింగ్ కింద 4 మి.మీ. షిమ్ (సందు సరిచేసే పలుచని రింగు) వేస్తే 4.3 దగ్గర ఆగుతుంది. స్ట్రెయిట్ ఎడ్జ్ వాడి కొలిస్తే దాని మందం తీసేయడం మరవకండి. నేను ఒకసారి మరిచాను. మొత్తం దించాను.

సందు మరీ ఎక్కువైనా మంచిది కాదు. పిస్టన్ అప్పటికే చాలా బయటికి వచ్చి ఉంటుంది కాబట్టి పూర్తి తొక్కుడులో సీల్ అంచుకు చేరుతుంది. కంపెనీ నుంచి స్ప్రింగ్‌తో వచ్చే రకం బేరింగ్ ఎప్పుడూ వేళ్లను తాకే ఉంటుంది. దానికి కావలసింది సందు కాదు, వెనక్కి జరగడానికి మిగిలిన నడక.

అపోహ: పుష్‌రాడ్ మాస్టర్ పిస్టన్‌కు గట్టిగా ఆని ఉండాలి

ఆనకూడదు. పైన ఒకటి రెండు మి.మీ. ఆట ఉండాలి. పెడల్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు మాస్టర్ లోపలి చిన్న రంధ్రం తెరుచుకుని, రిజర్వాయర్‌తో కలవాలి. పుష్‌రాడ్ పిస్టన్‌ను కొంచెం నొక్కి ఉంచితే ఆ దారి మూసుకుపోతుంది. ఇంజిన్ వేడికి ఆయిల్ వ్యాకోచిస్తుంది, పోయే దారి లేక క్లచ్‌ను తనంతట తనే కాస్త కాస్తగా నొక్కుతుంది. పొద్దున బాగానే ఉండి, వేడెక్కాక క్లచ్ జారుతోందంటే నేను మొదట చూసేది ఇదే.

కేబుల్ క్లచ్ పెడల్‌నే హైడ్రాలిక్‌కు వాడుతున్నవాళ్లు పాత సహాయక స్ప్రింగ్‌ను కూడా ఒకసారి చూడండి. కొన్నిచోట్ల అదే పెడల్‌ను కింద పట్టేస్తుంది.

అపోహ: గట్టిగా, వేగంగా పంప్ చేస్తే ఎయిర్ తొందరగా పోతుంది

వేగంగా కొడితే ఎయిర్ చిన్న చిన్న బుడగలుగా చీలి ఆయిల్‌లో కలిసిపోతుంది. నిదానంగా తొక్కాలి, నిపుల్ (ఎయిర్ బయటికి వదిలే చిన్న స్క్రూ) బిగించాకే పెడల్ వదలాలి. బయట ఉండే స్లేవ్ అయితే నిపుల్ అన్నిటికన్నా పైన ఉండేలా చూడండి. వేరే గేర్‌బాక్స్ వల్ల స్లేవ్ తిరగబడి కూర్చుంటే, దాన్ని విప్పి, పిస్టన్ బయటికి దూకకుండా కట్టి, నిపుల్ పైకి పట్టుకుని బ్లీడ్ చేయండి. మాస్టర్ ముందు భాగం పైకి లేచి ఉంటే అక్కడా బుడగ ఆగుతుంది. అలాంటప్పుడు కింద నుంచి సిరంజితో నింపడమే నాకు నచ్చిన దారి.

అపోహ: డాట్ 5, డాట్ 5.1 ఒకటే

కాదు. డాట్ అంటే బ్రేక్ ఆయిల్ గ్రేడు. డాట్ 3, 4, 5.1 ఒకే కుటుంబం. డాట్ 5 సిలికాన్, వాటితో కలపకూడదు. కొన్ని కార్ల క్లచ్‌లో మినరల్ ఆయిల్ ఉంటుంది, దాన్ని బ్రేక్ ఆయిల్ సీళ్లలో పోస్తే సీళ్లు ఉబ్బిపోతాయి. మూత మీద ఉన్నదే పోయండి.

అపోహ: క్లచ్ విడవకపోతే తప్పు హైడ్రాలిక్స్‌లోనే ఉంటుంది

స్లేవ్ దగ్గర స్కేల్ పెట్టి, కావలసినంత నడుస్తోందని చూశాక కూడా గేర్ గరగరమంటే ఆయిల్ వైపు చూడడం ఆపండి. క్లచ్ ప్లేట్ తిరగేసి పెట్టారా? క్రాంక్ చివర ఉండే పైలట్ బేరింగ్ ఇన్‌పుట్ షాఫ్ట్ కొసను పట్టేస్తోందా? వేరే గేర్‌బాక్స్ షాఫ్ట్ కాస్త పొడుగై, క్రాంక్ రంధ్రం అడుగుకు తగులుతోందా? గేర్‌బాక్స్ చివరి 5 మి.మీ. చేత్తో కూర్చోక, బోల్టులు బిగించి లాగారా? లాగి ఉంటే ఆ 5 మి.మీ. ఎందుకు కూర్చోలేదో చూడడానికి దించక తప్పదు.