క్యాబిన్ బ్యాగు కొనేముందు: రిపేరు బల్ల దగ్గర వినే అపోహలు, అసలు వాస్తవాలు

నా పని బ్యాగుల రిపేరు. జిప్పులు మారుస్తాను, చక్రాలు బిగిస్తాను, ఊడిన పట్టీలు కుడతాను. విమానంలో చెకిన్ లగేజీ వేయకుండా ఒక్క బ్యాగుతో తిరిగేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. నేను కుడుతున్నంతసేపూ పక్కన నిలబడి, ఈసారి ఏ బ్యాగు కొనమంటారని అడుగుతారు. ఆ కబుర్లలో పదేపదే వినపడే మాటలు ఇవి.

అపోహ: లేబుల్ మీద "క్యాబిన్ సైజు" అని ఉంటే ఏ విమానంలోనైనా చెల్లుతుంది.

అందరికీ ఒకటే క్యాబిన్ సైజు అంటూ ఏదీ లేదు. విమానయాన సంస్థల సంఘం ఐయాటా చెప్పే 56 × 45 × 25 సెంటీమీటర్లు ఒక సూచన మాత్రమే. 55 × 40 × 20 దగ్గరో, 55 × 35 × 25 దగ్గరో ఆపేసే ఎయిర్‌లైన్స్ చాలా ఉన్నాయి. బాగా చవక టికెట్లలో కొన్నిసార్లు సీటు కింద పట్టే చిన్న బ్యాగు ఒక్కటే ఉచితం. పైగా ఈ కొలతలో చక్రాలు, హ్యాండిల్, బయటి జేబులు అన్నీ కలుస్తాయి. మొన్న ఒక సూట్‌కేసు వచ్చింది. లేబుల్ మీద 55 అని ఉంది. నేను టేపు పెడితే చక్రాలతో కలిపి 58. ఆయన అప్పటికే గేటు దగ్గర డబ్బు కట్టి వచ్చారు పాపం. కొలత పెంచుకునే జిప్పున్న బ్యాగులైతే మరీ ప్రమాదం: తిరుగు ప్రయాణంలో ఆ జిప్పు తీయకుండా ఉన్నవాళ్లను నేను చూడలేదు.

అపోహ: చక్రాలున్నాయి కాబట్టి బ్యాగు బరువు గురించి పట్టించుకోనక్కర్లేదు.

నన్నడిగితే మొదట చూడాల్సింది అదే. చాలాచోట్ల క్యాబిన్ బ్యాగుకు పరిమితి 7 కిలోలు, కొన్నిచోట్ల 8 లేదా 10. గట్టి పెంకుండే చక్రాల సూట్‌కేసు ఖాళీగానే రెండున్నర, మూడు కిలోలు తూగుతుంది. ఏడులో మూడు పోతే మీ బట్టలకు మిగిలేది నాలుగు. అదే ఒక మంచి బ్యాక్‌ప్యాక్ కిలో, కిలోన్నరలో వస్తుంది. లాగే హ్యాండిల్ గొట్టాలు లోపల కొంత చోటు తినేస్తాయి కూడా. షాపులో లోపల కుక్కిన కాగితాలు తీసేసి మరీ తూచండి. నడుం నొప్పి ఉన్నవాళ్లకు మాత్రం నేను చక్రాల బ్యాగే చెబుతాను. వాళ్లు పెంకు లేని, బట్టతో చేసిన తేలికైనది చూసుకోవాలి.

అపోహ: డెనియర్ అంకె పెద్దదైతే బ్యాగు ఎక్కువకాలం మన్నుతుంది.

డెనియర్ అంటే 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే అంకె. పోగు లావు తెలుస్తుంది, అంతే. నా బల్ల మీదికి బట్ట చిరిగి వచ్చేవి తక్కువ. జిప్పు పోయో, పట్టీ ఊడో వచ్చేవే ఎక్కువ. అందుకే భుజం పట్టీ పైకొన బ్యాగులోకి వెళ్లే చోట వేళ్లతో పట్టుకుని గట్టిగా లాగి చూడండి. అక్కడ ఒకే వరుస కుట్టుంటే వదిలేయండి. నలుచదరంగా కుట్టి మధ్యలో ఇంటూ గుర్తు వేసి ఉంటే పని తెలిసినవాడు కుట్టాడని అర్థం.

జిప్పు సంగతి కూడా చెప్పేస్తాను. మూసిన వెనకే విచ్చుకుంటుంటే పళ్లు పోయాయని జనం బ్యాగే పారేస్తారు. చాలాసార్లు అరిగింది రన్నర్, అంటే పళ్ల మీద జరిగే ముక్క మాత్రమే. దాని వెనక అంచులను ప్లయర్‌తో రెండు పక్కలా కొద్దికొద్దిగా నొక్కితే మళ్లీ పట్టు దొరుకుతుంది. ఒకేసారి బలంగా నొక్కితే పుటుక్కున విరుగుతుంది, జాగ్రత్త.

అపోహ: ప్యాకింగ్ క్యూబ్స్ (బట్టలు సర్ది బ్యాగులో పెట్టే చిన్న జిప్పు సంచులు) వాడితే ఎక్కువ తీసుకెళ్లొచ్చు.

చోటు కలిసొస్తుంది, బరువు తగ్గదు. చోటు మిగిలింది కదాని ఇంకో రెండు జతలు పెట్టేస్తాం, తూకం దాటిపోతుంది.

అపోహ: ఊరు చూడటానికీ ఆ బ్యాగే చాలు.

ఖాళీ చేసినా అది పెద్దదే. మ్యూజియాలు చాలావరకు పెద్ద బ్యాగులను లోపలికి రానివ్వవు. వాటికన్ మ్యూజియంలో 40 × 35 × 15 సెంటీమీటర్లు దాటితే క్లోక్‌రూమ్‌లో పెట్టాల్సిందే. రోజంతా తిరగడానికి 10 నుంచి 15 లీటర్ల బ్యాగు సరిపోతుంది. ఒంటి భుజానికి వేసుకునేది జనంలో ముందుకు తిప్పుకోవడానికి బాగుంటుంది. కానీ అందులో లీటరు నీళ్ల సీసా పెడితే అక్కడికే కిలో. సాయంత్రానికి ఒక పక్క మెడ పట్టేస్తుంది. నీళ్లూ కెమెరా మోసేవాళ్లకు రెండు పట్టీలదే నయం. మడిచి పెట్టుకునే పల్చటి బ్యాగులు తేలికే. వీపుకు మెత్త ఉండదు కాబట్టి లోపలి వస్తువులు గుచ్చుకుంటాయి. వీపు వైపు స్వెటరో తువ్వాలో పెట్టండి.

అపోహ: దొంగల భయం ఉంటే ఆర్‌ఎఫ్‌ఐడి (తాకకుండానే కార్డు చదివే రేడియో సంకేతం) అడ్డుకునే జేబు ఉండాలి.

కార్డు పనిచేసేది కొన్ని సెంటీమీటర్ల దూరంలోనే. జేబుదొంగకు అంత టెక్నాలజీ అక్కర్లేదు, తెరిచి ఉన్న జిప్పు చాలు. ఆ డబ్బుతో జిప్పు కొనకు చిన్న కొక్కెం వేయించుకోండి.

అపోహ: గేటు దగ్గర బ్యాగును విమానం కింది సామాను అరలోకి పంపుతామంటే అలాగే ఇచ్చేయొచ్చు.

పవర్ బ్యాంకు, విడి లిథియం బ్యాటరీలు తప్పకుండా తీసి మీ దగ్గరే పెట్టుకోవాలి. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు దాదాపు 74 వాట్-అవర్లు కాబట్టి విమానంలో ఉండే 100 వాట్-అవర్ల పరిమితి లోపే ఉంటుంది, కానీ దాని చోటు క్యాబిన్‌లోనే. వెనక క్యూ నిలబడి ఉంటే ఆ టెన్షన్‌లో అడుగున ఉన్నది దొరకదు. పవర్ బ్యాంకు, మందులు, పాస్‌పోర్టు ఊరు తిరగడానికి తెచ్చుకున్న ఆ చిన్న బ్యాగులో వేసి, దాన్ని పెద్ద బ్యాగులో అన్నిటికంటే పైన పెట్టుకోండి. అడిగిన వెంటనే అది తీసి భుజాన వేసుకుని, మిగతాది ఇచ్చేయొచ్చు.