ఇష్టం లేని నర్సు ఉద్యోగం: ఇంటర్వ్యూకి వెళ్ళాలా, వద్దా? అపోహలు - వాస్తవాలు

మొన్న ఉదయం రౌండ్స్ ముగించి ఫోన్ చూసుకుంటే నాలుగు మిస్డ్ కాల్స్. మా ఆస్పత్రిలో క్లినికల్ పోస్టింగ్ చేసి వెళ్ళిన జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) అమ్మాయి. తిరిగి చేస్తే గొంతు వణుకుతోంది. "మేడమ్, డయాలసిస్‌కి ఇంటర్వ్యూ కాల్ వచ్చింది. నాకు వార్డే ఇష్టం. వెళ్ళకపోతే బ్లాక్‌లిస్ట్‌లో పెడతారట. వెళ్తే చేరాల్సిందేనట. రాత్రంతా నిద్ర లేదు."

ఈ 'అట'లు హాస్టల్ గదుల్లో పుడతాయో, వాట్సాప్ గ్రూపుల్లో పుడతాయో తెలియదు కానీ, నెలకి ఇద్దరు ముగ్గురు ఇదే టెన్షన్‌తో నాకు ఫోన్ చేస్తారు. పదేళ్ళుగా ఇంటర్వ్యూ బోర్డులో కూర్చుంటున్నాను. తెలిసింది చెప్తాను.

అపోహ: ఇంటర్వ్యూకి వెళ్తే చేరాల్సిందే.

వాస్తవం: అస్సలు కాదు. సెలెక్ట్ అయినవాళ్ళలో కొందరు చేరరని మాకు ముందే తెలుసు. అందుకే వెయిటింగ్‌లో ఇద్దరు ముగ్గురి పేర్లు పెట్టుకుంటాం. మీరు రాకపోతే తర్వాతి అమ్మాయికి ఫోన్ వెళ్తుంది, అంతే. మీరు సంతకం పెట్టేదాకా ఎవరికీ ఏమీ బాకీ లేరు. ఈ ఒక్క ముక్క తెలియకే పిల్లలు బాగా నష్టపోతున్నారు. ఎలాగూ చేరాలి కదా అనుకుని, అడిగిన కాగితం మీదల్లా అక్కడికక్కడే సంతకం పెట్టేస్తారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేస్తారు.

నేనూ ఇచ్చాను. 2006లో, జీఎన్ఎం అయిన కొత్తలో. ఒక చిన్న నర్సింగ్ హోమ్ వాళ్ళు లేబర్ రూమ్‌కి పిలిచారు. నాకు ఇష్టం లేదు. పిలిచాక కాదంటే బాగోదని వెళ్ళాను. "ఎప్పుడు చేరతావమ్మా?" అని అడిగారే తప్ప చేరతావా అని అడగలేదు. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, మూడేళ్ళ మార్కుల మెమోలు, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, అన్నీ ఒక ఖాకీ కవర్లో పెట్టి ఆకుపచ్చ బీరువాలో పడేశారు. తాళం తిప్పిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఎనిమిది నెలల తర్వాత ప్రభుత్వ కాంట్రాక్ట్ పోస్టుకి సర్టిఫికెట్ వెరిఫికేషన్ పిలుపు వచ్చింది. కవర్ అడిగితే "సార్ ఊళ్ళో లేరు, సోమవారం రా" అన్నారు. వెరిఫికేషన్ శనివారం. ఆ పోస్టు పోయింది.

అందుకే నా దగ్గరికి వచ్చే ప్రతి అమ్మాయికీ, అబ్బాయికీ ఇదే చెప్తాను. ఒరిజినల్స్ చూపించండి, వాళ్ళు సరిచూసుకున్నాక మీ చేత్తో మీరే ఫైల్లో పెట్టుకోండి. జిరాక్స్ మీద సంతకం చేసి ఇవ్వండి. "ఒరిజినల్స్ ఇక్కడే ఉంచాలి" అంటే ఆ ఉద్యోగం మీకు ఇష్టమైనదైనా వదిలెయ్యండి. బాండ్ (ఇన్నాళ్ళు మానకుండా పనిచేస్తానని రాసిచ్చే ఒప్పందం) ఉంటే ఎన్నాళ్ళు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అనేది కాగితం మీద చదవండి, నోటిమాట నమ్మవద్దు. జవాబు మాత్రం ఆ రోజే ఇవ్వకండి. "ఇంట్లో మాట్లాడి రెండు రోజుల్లో చెప్తాను మేడమ్" అంటే ఏ బోర్డూ తప్పుపట్టదు.

అపోహ: ఇష్టం లేకపోయినా ప్రాక్టీస్ కోసం ప్రతి ఇంటర్వ్యూకీ వెళ్ళాలి.

వాస్తవం: ఇష్టం లేకపోవడంలో రెండు రకాలు. తెలియక భయం ఒకటి, తెలిసి వద్దనుకోవడం ఒకటి. డయాలసిస్ యూనిట్‌లో ఒక్కసారీ నిలబడకుండా వద్దంటే అది మొదటి రకం. వెళ్ళండి. ఒక సిస్టర్ ఎన్ని మిషన్లు చూడాలి, ఫిస్టులాకి (డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళానికి) నీడిల్ పెట్టడం ఎవరు నేర్పిస్తారు, ఎన్నాళ్ళు, మధ్యలో బీపీ పడిపోతే డాక్టర్ యూనిట్‌లోనే ఉంటారా అని అడగండి. ఐసీయూ అయితే వెంటిలేటర్ పేషెంట్‌కి ఒక సిస్టర్ ఉంటారా అనేది మొదటి ప్రశ్న. వీలైతే యూనిట్ చూపించమనండి. అక్కడ పనిచేసే సిస్టర్ల ముఖాలు చూస్తే సగం జవాబు దొరుకుతుంది.

రెండో రకం వేరు. ఇంట్లో ఏడాది పాప ఉంది, వాళ్ళు నెలకి పదిహేను నైట్లు తప్పవన్నారు. లేదా రెండు బస్సులు మారాలి, రాత్రి క్యాబ్ లేదు. ఇవి ఇంటర్వ్యూలో మారవు. ఫోన్‌లోనే అడగండి, కుదరదంటే వెళ్ళకండి. నైట్ డ్యూటీ దిగి, నిద్ర మానుకుని, బస్సు ఛార్జీలు పెట్టుకుని వెళ్ళి 'ప్రాక్టీస్' చేయాల్సిన పనిలేదు.

అపోహ: వెళ్ళకపోతే బ్లాక్‌లిస్ట్. రిజిస్ట్రేషన్‌కి ఇబ్బంది.

వాస్తవం: మీ రిజిస్ట్రేషన్ నర్సింగ్ కౌన్సిల్ చేతిలో ఉంటుంది, హెచ్ఆర్ చేతిలో కాదు. వస్తానని చెప్పి రాకపోతే మాత్రం మాకు గుర్తుంటుంది. ముందురోజు ఒక్క ఫోన్ చెయ్యండి, చాలు.

అపోహ: జీతం గురించి మనం అడగకూడదు.

వాస్తవం: అడగాలి. సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల లోపు ప్రైవేటు ఆస్పత్రిలోనూ నర్సుకి నెలకి 20,000 రూపాయలకి తగ్గకూడదంది. 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలంది. అవి సిఫార్సులే, చాలాచోట్ల అమలు కావడం లేదు. అయినా ఆ అంకె తెలిసి కూర్చున్న అమ్మాయి మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది.

ఇంటర్వ్యూకి ముందు డబ్బు కట్టమనేవాళ్ళ గురించి ఒక్క మాట. ఆస్పత్రి ఉద్యోగానికి ఎవరికీ పైసా ఇవ్వకండి. గల్ఫ్‌కి పంపే రిజిస్టర్డ్ ఏజెంట్ అయినా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు.

ఆ డయాలసిస్ అమ్మాయి నిన్న వెళ్ళొచ్చింది. ఒక సిస్టర్‌కి మూడు మిషన్లట, రెండు నెలలు సీనియర్ పక్కనే ఉంచుతారట. ఈసారి 'అట'లు తను స్వయంగా అడిగి తెలుసుకున్నవి. గురువారంలోగా చెప్తానని వచ్చిందట, ఇంకా తేల్చుకోలేదు. ఫైల్ మాత్రం తన చేతిలోనే ఉంది.