సేవ చేయడానికి వచ్చినవాళ్ళకు ప్రజాస్వామ్య పాఠాలు ఎందుకు?

సేవా కార్యక్రమంలో చేరిన వాలంటీరుకు మొక్కలు నాటడమో, వృద్ధులకు తోడుగా ఉండడమో, పిల్లలకు చదువు చెప్పడమో పని. మధ్యలో కొన్ని రోజులు ఆ పని ఆపించి, ఓటు, చట్టం, స్థానిక పాలన, వివక్ష గురించి చర్చల్లో కూర్చోబెడతారు. జర్మనీలో 2011లో మొదలైన ఫెడరల్ స్వచ్ఛంద సేవలో ఏడాది పాటు పనిచేసే 27 ఏళ్ళలోపు వాలంటీర్లకు 25 రోజుల సెమినార్లు ఉంటాయి. అందులో 5 రోజులు రాజకీయ విద్యకే కేటాయించాలని చట్టం చెబుతుంది. ఫ్రాన్స్‌లో 2010 నాటి చట్టంతో వచ్చిన పౌర సేవలోనూ ఇలాంటి శిక్షణ తప్పనిసరి. 'మేం పని చేయడానికి వచ్చాం, మాకెందుకీ క్లాసులు?' అని అడిగే వాలంటీర్లు ఎక్కడైనా ఉంటారు. అడగాల్సిన ప్రశ్నే అది. వందేళ్ళకు పైగా అనేక దేశాలు దానికి జవాబు వెతుకుతూనే ఉన్నాయి.

పౌరసత్వం అనగానే మనకు పాస్‌పోర్టు, గుర్తింపు కార్డు గుర్తొస్తాయి. ఇక్కడ విషయం అది కాదు. ఊరి సంగతులు ఎవరు నిర్ణయిస్తున్నారో తెలుసుకుని, ఆ నిర్ణయంలో తన మాట కూడా ఉండేలా చూసుకోవడం గురించి మాట్లాడుతున్నాం.

అమెరికన్ తత్వవేత్త విలియం జేమ్స్ 1906లో స్టాన్‌ఫర్డ్‌లో చేసిన ఒక ప్రసంగం దగ్గర ఈ కథ మొదలుపెట్టవచ్చు. యుద్ధం మనుషుల్లో పెంచే క్రమశిక్షణ, ఓర్పు, త్యాగం యుద్ధం లేకుండానే రావాలంటే యువకులందరినీ కొన్నేళ్ళపాటు గనులకు, చేపల పడవలకు, రోడ్ల పనికి పంపాలన్నారాయన. సుఖంగా పెరిగిన కుర్రాళ్ళు ఆ కష్టం చూసి మంచి పౌరులుగా తిరిగొస్తారని ఆయన నమ్మకం. యువతుల ఊసు ఆ ఆలోచనలో లేదు. పని చేస్తే చాలు, పౌరుడు తనంతట తానే తయారవుతాడన్న ఊహ మాత్రం చాలాకాలం నిలిచింది.

1920లో స్విట్జర్లాండ్‌కు చెందిన పియర్ సెరెసోల్ ఇదే ఊహను యూరప్‌లో పరీక్షించారు. మొదటి ప్రపంచ యుద్ధంలో నేలమట్టమైన వెర్డన్ ప్రాంతంలోని ఎన్ అనే ఊరికి వివిధ దేశాల వాలంటీర్లను తీసుకెళ్ళారు. వాళ్ళలో జర్మన్లూ ఉన్నారు. కలిసి ఇళ్ళు కట్టారు. కానీ శత్రుదేశం వాళ్ళు తమ ఊళ్ళో ఉండడాన్ని స్థానికులు భరించలేకపోయారు, కొన్ని నెలలకే బృందం వెనుదిరగాల్సి వచ్చింది. చేతుల పని ఒక్కటే మనసులను కలపదని ఆ ఊరు అప్పుడే చెప్పింది.

1933లో అమెరికా ప్రభుత్వం నిరుద్యోగ యువకుల కోసం సివిలియన్ కన్జర్వేషన్ కోర్ పెట్టింది. తొమ్మిదేళ్ళలో దాదాపు 30 లక్షల మంది అందులో పనిచేశారు. క్యాంపుల్లో సాయంత్రం తరగతులు నడిచాయి, వేలమంది అక్కడే అక్షరాలు నేర్చుకున్నారు. అయితే యంత్రాల వల్ల పనులు, జీవితాలు ఎలా మారుతున్నాయో వివరిస్తూ సామాజిక శాస్త్రవేత్త విలియం ఆగ్‌బర్న్ ఈ యువకుల కోసమే రాసిన చిన్న పుస్తకాన్ని 1934లో కోర్ డైరెక్టర్ క్యాంపుల్లోకి రానివ్వలేదు. ఉద్యోగాలు ఎందుకు పోయాయని ఆ కుర్రాళ్ళు ఆలోచించడం పైవాళ్ళకు టెన్షన్ పుట్టించింది. మరుసటి ఏడాది నల్లజాతి యువకులను వేరే క్యాంపుల్లో ఉంచాలని ఆదేశం వచ్చింది. తరగతిలో సమానత్వం గురించి ఎంత చెప్పినా, పడుకునే చోటే వేరైనప్పుడు ఆ కుర్రాడికి అర్థమయ్యేది ఏమిటి?

దీనికి పూర్తిగా భిన్నమైన ప్రయత్నం అమెరికాలోనే దక్షిణ కరొలినా రాష్ట్ర తీరంలోని జాన్స్ ఐలండ్ అనే ద్వీపంలో జరిగింది. ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైన ఘట్టం ఇదే. అప్పట్లో అక్కడ ఓటరుగా నమోదు కావాలంటే రాష్ట్ర రాజ్యాంగంలోని భాగం చదివి చూపించాల్సి వచ్చేది. చదువు అందని నల్లజాతి పెద్దలను ఓటుకు దూరంగా ఉంచడానికి ఈ నిబంధన బాగా పనికొచ్చింది. ద్వీపం నుంచి చార్ల్‌స్టన్ నగరానికి బస్సు నడిపే ఈసా జెంకిన్స్, టెనెసీలో సామాజిక కార్యకర్తలకు శిక్షణ ఇచ్చే హైలాండర్ ఫోక్ స్కూల్, నల్లజాతి హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ సభ్యత్వం వదులుకోనన్నందుకు 1956లో ఉద్యోగం పోగొట్టుకున్న టీచర్ సెప్టిమా క్లార్క్ కలిసి ఒక రాత్రి బడి తలపెట్టారు. 1957 జనవరిలో ఒక సహకార దుకాణం వెనక గదిలో అది మొదలైంది. ముందు సరుకుల కొట్టు ఉంటే వెనక ఏం జరుగుతోందో ఎవరికీ అనుమానం రాదు.

పాఠం చెప్పడానికి డిగ్రీ ఉన్నవాళ్ళను వెతకలేదు. బ్యూటీషియన్‌గా పనిచేసే బెర్నీస్ రాబిన్సన్‌ను ఒప్పించారు. ఆమె మొదట చిన్నపిల్లల పుస్తకాలు తీసుకెళ్ళారు, అవి ఈ పెద్దవాళ్ళకు నప్పవని తెలిసి పక్కన పెట్టేశారు. 'మీకు ఏం నేర్చుకోవాలనుంది?' అని వాళ్ళనే అడిగారు. పేరు రాసుకోవాలి, బైబిల్ చదవాలి, మనియార్డర్ ఫారం నింపాలి, ఓటుకు నమోదు కావాలి అన్నారు. అవే పాఠాలయ్యాయి. గోడకు ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటన తగిలించి, చివరికి దాన్ని ప్రతి ఒక్కరూ చదవగలగాలని చెప్పారు. 1961లో టెనెసీ ప్రభుత్వం హైలాండర్‌ను మూయించినా ఈ బడులు ఆగలేదు. మార్టిన్ లూథర్ కింగ్ నాయకత్వంలోని సంస్థ వాటిని చేపట్టింది. జార్జియాలోని డార్చెస్టర్ కేంద్రంలో సెప్టిమా క్లార్క్, డొరొతీ కాటన్, ఆండ్రూ యంగ్ ఐదేసి రోజుల శిక్షణ ఇచ్చేవారు. అక్కడికి వచ్చిన రైతులు, పనివాళ్ళు, గృహిణులు తమ ఊళ్ళకు తిరిగి వెళ్ళి బడులు పెట్టారు. వాలంటీరుకు పౌర శిక్షణ అంటే ఏమిటో దీనికన్నా స్పష్టంగా నేనెక్కడా చూడలేదు.

ప్రభుత్వ డబ్బుతో నడిచే సేవలకు ఇంత స్వేచ్ఛ ఉండదు. 1993లో అమెరికాలో అమెరికోర్ అనే ప్రభుత్వ సేవా కార్యక్రమం ఏర్పడింది. సేవ చేసే వేళల్లో పార్టీ ప్రచారం, లాబీయింగ్, నిరసనలే కాదు, ఓటర్ల నమోదు కార్యక్రమాలు కూడా దాని సభ్యులకు నిషేధం. పన్ను డబ్బు ఏ పార్టీకీ సాయపడకూడదన్న జాగ్రత్త సరైనదే. అయినా జాన్స్ ఐలండ్‌లో బడి పెట్టిందే ఓటరు నమోదు కోసం కదా అనిపించక మానదు.

పౌర శిక్షణ తయారుచేసే పౌరులు అందరూ ఒకే రకం కాదని పరిశోధకులు జోయెల్ వెస్ట్‌హైమర్, జోసెఫ్ కాన్ 2004లో చూపించారు. ఆహార సేకరణకు తన వంతు ఇచ్చేవారు ఒక రకం పౌరులు, ఆ సేకరణ నడిపించేవారు రెండో రకం, జనం ఎందుకు ఆకలితో ఉన్నారని అడిగి కారణాన్ని మార్చాలని చూసేవారు మూడో రకం. ఒక రకాన్ని తయారుచేసే శిక్షణ నుంచి మిగతా రకాలు వాటంతటవే రావు. 2009లో డగ్ మెక్ఆడమ్, సింథియా బ్రాంట్ ప్రచురించిన అధ్యయనం మరింత ఇబ్బంది పెడుతుంది. పట్టభద్రులను పేద ప్రాంతాల బడుల్లో టీచర్లుగా పంపే టీచ్ ఫర్ అమెరికాలో సేవ పూర్తిచేసినవాళ్ళు, ఎంపికై కూడా చేరనివాళ్ళకన్నా తర్వాతి జీవితంలో పౌర కార్యకలాపాల్లో వెనకబడి ఉన్నారు.

మరి శిక్షణ పేరుతో ప్రభుత్వం తన అభిప్రాయాలు రుద్దితే? నాజీల కాలం చూసిన జర్మనీకి ఈ భయం అందరికన్నా ఎక్కువ. 1976లో బ్యోటెల్స్‌బాఖ్ అనే ఊళ్ళో రాజకీయ విద్య నిపుణులు సమావేశమయ్యారు. నేర్చుకునేవారిపై అభిప్రాయం రుద్దకూడదు, సమాజంలో వివాదంగా ఉన్నది తరగతిలోనూ వివాదంగానే కనిపించాలి, తన పరిస్థితిని తనే విశ్లేషించుకునే శక్తి నేర్చుకునేవారికి రావాలి. ఆ చర్చల నుంచి తేలిన ఈ మూడు సూత్రాలే అక్కడి పౌర విద్యకు ఇవాళ్టికీ ఆధారం.

శిక్షణ ఎప్పుడు ఇవ్వాలన్నది ఇంకా తేలని సంగతి. సేవ మొదలవకముందే ఈ క్లాసులన్నీ ముగించేస్తే నిర్వాహకులకు సులువు. కానీ అప్పటికి వాలంటీరు చేతిలో ప్రశ్నలేవీ ఉండవు. తాను రోజూ పలకరించే వృద్ధురాలి పెన్షన్ ఎందుకు ఆగిందో, దాన్ని ఎవరు ఆపారో, ఎవరిని అడగాలో నాలుగో నెలలో అతనికి నిజంగా కావాలి. సెమినార్ ఆ నెలలోనే పెట్టాలి.