పోర్టెడ్ సబ్‌వూఫర్ పెట్టె: హోమ్ థియేటర్ కోసం కట్టేవారి అపోహలు, అసలు వాస్తవాలు

సబ్‌వూఫర్ (లోతైన బేస్ కోసమే ఉండే స్పీకరు) పెట్టె కట్టించుకోవాలని వచ్చేవారిలో చాలామంది అందులో బిగించే వూఫర్ ముందే కొనేసి ఉంటారు. "దీనికి సరిపడే బాక్సు చేసి, ఒక రంధ్రం పెట్టండి" అంటారు. నా పట్టింపంతా ఆ రంధ్రం, అంటే పోర్టు గురించే. సినిమాలో నేల అదిరే సన్నివేశం వచ్చినప్పుడు, సరిగ్గా కట్టిన పోర్టెడ్ పెట్టెలో శబ్దం ప్రధానంగా అక్కడి నుంచే వస్తుంది. కాబట్టి ముందు తేల్చుకోవలసింది ట్యూనింగ్ ఎంత, అంటే పోర్టు ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర మోగాలి అన్నది. తరువాత పోర్టు, ఆ తరువాతే పెట్టె కొలతలు.

అపోహ: పోర్టు అంటే లోపలి గాలి బయటికి పోవడానికి పెట్టే దారి

ఖాళీ సీసా మూతి మీద అడ్డంగా ఊదితే ఒకే స్వరం పలుకుతుంది. కొంచెం నీళ్లు పోసి ఊదితే ఆ స్వరం హెచ్చుతుంది. సీసా మెడలోని గాలి బరువులాగా, కడుపులోని గాలి స్ప్రింగులాగా పనిచేయడమే దీనికి కారణం. 19వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్స్ లోతుగా పరిశీలించిన ఈ సూత్రమే పోర్టెడ్ పెట్టెకు ఆధారం. పెట్టెలోని గాలి స్ప్రింగు, పోర్టులోని గాలి బరువు. ఈ రెండూ కలిసి ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఊగుతాయో అదే ట్యూనింగ్.

దీని వల్ల ఒరిగేది ఎంతో ఒక లెక్కలో చూడండి. నేల మీద పెట్టిన సబ్‌వూఫర్ ఒక మీటరు దూరంలో, 20 హెర్ట్జ్ దగ్గర 105 డెసిబెల్ ఇవ్వాలనుకుందాం. పూర్తిగా మూసిన పెట్టెలో 12 అంగుళాల వూఫర్ కోన్ (శబ్దం కోసం కదిలే ముందు భాగం) ముందుకు సుమారు 33 మిల్లీమీటర్లు, వెనక్కు మరో 33 మిల్లీమీటర్లు కదలాలి. మామూలు వూఫర్లకు అంత పయనం ఉండదు. అదే పెట్టెను 20 హెర్ట్జ్‌కు ట్యూన్ చేస్తే ఆ పనిలో ఎక్కువ భాగం పోర్టులోని గాలి చేస్తుంది, కోన్ దాదాపు నిలిచిపోతుంది.

ఇది కళ్లారా చూడవచ్చు. ఫోనులో టోన్ జనరేటర్ యాప్ పెట్టి, వాల్యూమ్ బాగా తగ్గించి, 40 హెర్ట్జ్ నుంచి ఒక్కొక్క హెర్ట్జ్ చొప్పున కిందికి రండి. పోర్టు మూతి దగ్గర సన్నని కాగితం ముక్క వేలాడదీయండి. ఒకచోట కోన్ కదలిక అతి తక్కువకు పడిపోతుంది, కాగితం మాత్రం రెపరెపలాడుతుంది. డిజైన్ సాఫ్ట్‌వేర్ ఏమి చెప్పినా, మీ పెట్టె అసలు ట్యూనింగ్ అదే.

అపోహ: 12 అంగుళాల వూఫర్‌కు ఒక స్టాండర్డ్ పెట్టె ఉంటుంది

పెట్టెను నిర్ణయించేది అంగుళాలు కావు. 1961లో ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్, తరువాత 1970ల మొదట్లో సిడ్నీ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ స్మాల్ చేసిన పని వల్ల ప్రతి వూఫర్‌కూ ఎఫ్‌ఎస్ (వూఫర్ సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ), క్యూటీఎస్ (ఆ ఊపు ఎంత అదుపులో ఉంటుందో చెప్పేది), క్యూఈఎస్ (అందులో విద్యుత్ భాగం), వీఏఎస్ (వూఫర్ బిగువుకు సమానమైన గాలి పరిమాణం) వంటి విలువలు ఉంటాయని మనకు తెలిసింది. ఆ విలువలు రాసిన కాగితం లేని వూఫర్‌కు పోర్టెడ్ పెట్టె డిజైన్ చేయడమంటే ఊహించి కట్టడమే. ఎఫ్‌ఎస్‌ను క్యూఈఎస్‌తో భాగించి చూడండి: 50 కంటే తక్కువ వస్తే మూసిన పెట్టె, 100 దగ్గర లేదా అంతకంటే ఎక్కువ వస్తే పోర్టు నప్పుతుందని ఒక బండ గుర్తు. మధ్యలో ఉన్నవి రెండింటికీ పనికొస్తాయి.

కారు కోసం చేసిన రెడీమేడ్ పోర్టెడ్ బాక్సును ఇంట్లో పెట్టుకునేవారు కూడా ఉన్నారు. వాటిని తరచుగా 35 నుంచి 45 హెర్ట్జ్ మధ్య ట్యూన్ చేస్తారు. కారు చిన్న గది కాబట్టి, కింది ఫ్రీక్వెన్సీలను అదే పెంచుకుంటుంది. హాల్లో ఆ సాయం అంతగా ఉండదు. అందుకే పేలుడు సన్నివేశమైనా, డప్పు పాటైనా ఒకే రకంగా మోగుతాయి.

అపోహ: పోర్టు ఎంత వెడల్పైతే అంత మంచిది

సగం నిజం కాబట్టే ఇది ఎక్కువ మందిని ముంచుతోంది. వెడల్పు చాలకపోతే గాలి వేగం పెరిగి, పోర్టు బుస్సుమంటుంది. పైన చెప్పిన 105 డెసిబెల్ లెక్కలోనే, లోపలి వ్యాసం 10 సెంటీమీటర్లున్న పోర్టులో గాలి గరిష్ఠ వేగం సెకనుకు సుమారు 27 మీటర్లు. సెకనుకు 17 మీటర్లు దాటకుండా చూసుకోవడం పాత, మంచి అలవాటు. మూతులు గంట ఆకారంలో విచ్చుకుని ఉంటే ఇంకొంచెం వెసులుబాటు దొరుకుతుంది. వ్యాసాన్ని 15 సెంటీమీటర్లు చేస్తే వేగం 12 మీటర్లకు దిగుతుంది.

కానీ వెడల్పు పెరిగితే పొడవూ పెరగాలి. 100 లీటర్ల పెట్టెను 20 హెర్ట్జ్‌కు ట్యూన్ చేయడానికి 10 సెంటీమీటర్ల పోర్టు సుమారు 51 సెంటీమీటర్లు ఉంటే చాలు. 15 సెంటీమీటర్ల పోర్టు అయితే సుమారు 1.2 మీటర్లు కావాలి. ప్లంబింగ్ దుకాణంలో 160 మిల్లీమీటర్ల పీవీసీ పైపు అంటే అది బయటి కొలత. 1.2 మీటర్ల ఆ పైపు పెట్టెలో 24 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. వూఫర్ అయస్కాంతం, లోపలి ఆధారపు చెక్కలు మరికొంత తింటాయి. ఇవన్నీ పోగా 100 లీటర్లు మిగలాలంటే లోపలి కొలత 135 లీటర్ల దాకా ఉండాలి. కార్పెంటర్‌కు 100 లీటర్ల కొలత ఇచ్చేసి, తరువాత పైపు దూర్చితే మీరు అనుకున్న ట్యూనింగ్ పైకి జరిగిపోతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. పొడవైన పోర్టు తనే ఒక గొట్టంలా మోగుతుంది. 1.2 మీటర్లకు అది 140 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. క్రాసోవర్ (సబ్‌వూఫర్‌కు శబ్దం ఎంత ఫ్రీక్వెన్సీ దాకా పంపాలో చెప్పే హద్దు) 80 హెర్ట్జ్ దగ్గర ఉంచితే సాధారణంగా వినబడదు. 120 దాకా జరిపితే వినబడవచ్చు. పైపు లోపలి మూతికీ ఎదురు గోడకూ మధ్య కనీసం పైపు వ్యాసమంత ఖాళీ వదలండి. పెట్టెలో పట్టకపోతే ఎల్బో వేసి వంచవచ్చు, పొడవును మధ్య గీత వెంట కొలవాలి.

అపోహ: పోర్టెడ్ బేస్ అంటే గుయ్‌మనే మోత

40 హెర్ట్జ్‌కు ట్యూన్ చేసిన పెట్టెల వల్ల వచ్చిన చెడ్డ పేరు ఇది. పోర్టు వల్ల శబ్దానికి కలిగే ఆలస్యమే మోతగా వినబడుతుంది, అది ట్యూనింగ్ దగ్గరే ఎక్కువ. నాలుగు తీగల బేస్ గిటార్‌లో అట్టడుగు స్వరం 41 హెర్ట్జ్. 20 దగ్గర ట్యూన్ చేసిన పెట్టెకు అది ఒక ఆక్టేవ్ (రెట్టింపు ఫ్రీక్వెన్సీ) పైనుంది. అయినా మోత వస్తుంటే గదిని అనుమానించండి.

అపోహ: వాట్లు పెంచితే ఇంకా లోతైన బేస్ వస్తుంది

పవర్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్. ట్యూనింగ్ కంటే కిందికి వెళ్లాక పోర్టెడ్ పెట్టె శబ్దం ఆక్టేవ్‌కు 24 డెసిబెల్ చొప్పున పడిపోతుంది. మూసిన పెట్టెలో ఆ పతనం 12 డెసిబెల్. అంతకంటే ముఖ్యమైనది, అక్కడ కోన్‌కు పెట్టెలోని గాలి ఆసరా ఉండదు. పోర్టు కిటికీ తెరిచినట్టవుతుంది. 12 హెర్ట్జ్ శబ్దమున్న సన్నివేశంలో పెద్ద ఆంప్లిఫయర్ వూఫర్‌ను చీల్చగలదు. ట్యూనింగ్‌కు కొంచెం కింద, అంటే 20 హెర్ట్జ్ పెట్టెకు 17 లేదా 18 దగ్గర, సబ్‌సోనిక్ ఫిల్టర్ (అంతకంటే కింది శబ్దాలను ఆపేది) తప్పనిసరి. రిసీవర్‌లో ఇది సాధారణంగా ఉండదు. సబ్‌వూఫర్ ఆంప్లిఫయర్‌లోనో, విడిగా డీఎస్పీ (శబ్దాన్ని డిజిటల్‌గా సవరించే పరికరం)లోనో చూసుకోండి. ఫిల్టర్ లేకుండా పోర్టెడ్ పెట్టె ఇవ్వడానికి నేను ఒప్పుకోను.

అపోహ: చెక్క మందంగా ఉంటే చాలు, లోపల దూది నింపితే ఇంకా మేలు

18 మిల్లీమీటర్ల చెక్కకు లోపల అడ్డంగా ఆధారాలు వేస్తే, ఆధారాలు లేని 25 మిల్లీమీటర్ల పెట్టె కంటే గట్టిగా నిలుస్తుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరప్రాంతాల తేమకు మామూలు ఎండీఎఫ్ (చెక్క పీచును అదిమి చేసే పలక) అంచులు ఉబ్బుతాయి. అక్కడ తేమ తట్టుకునే హెచ్‌డీహెచ్ఎంఆర్ బోర్డు లేదా వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ వాడండి. గోడలకు పలుచని ఫోమ్ అంటిస్తే సరిపోతుంది. దూది కూరితే పోర్టు బలం తగ్గుతుంది. అతుకుల్లో లీకు ఉందేమో చూడటానికి టోన్ పెట్టి, అగరుబత్తిని అంచుల వెంట నెమ్మదిగా జరపండి. పొగ తడబడిన చోట సీలంట్ పట్టించాలి.

అపోహ: డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో శబ్దపు గీత చదునుగా వస్తే ఇంట్లోనూ అలాగే వినబడుతుంది

ఆ గీతలో మీ గది లేదు. అమెరికాలో చాలా ఇళ్ల గోడలు పలుచని జిప్సం బోర్డువి, కొంత బేస్‌ను పీల్చుకుంటాయి. మన ఇటుక గోడలు, కాంక్రీటు స్లాబు దాదాపు అంతా వెనక్కు కొడతాయి. 12 అడుగుల గోడల మధ్య మొదటి అనునాదం (గది తనే మోగే ఫ్రీక్వెన్సీ) 47 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. 12x12 పడకగదిని థియేటర్ చేస్తే, రెండు దిక్కులూ ఒకే ఫ్రీక్వెన్సీని పట్టుకుని మోగిస్తాయి. ఆ గదిలో ఎంత మంచి పెట్టె పెట్టినా 47 దగ్గర కొండ, ఇంకోచోట గొయ్యి.

కొండను ఈక్వలైజర్‌తో తగ్గించవచ్చు. గొయ్యిని పూడ్చలేరు, పవర్ మాత్రం వృథా అవుతుంది. ముందు సబ్‌ను మీరు కూర్చునే చోట పెట్టి, బేస్ పాట వేసి, గోడల వెంట వంగి నడవండి. ఎక్కడ సమంగా వినబడుతుందో అక్కడికి సబ్‌ను మార్చండి. తరువాత మైకు, రూమ్ ఈక్యూ విజార్డ్ అనే కొలత సాఫ్ట్‌వేర్‌తో కొలవండి. చోటు, డబ్బు ఉంటే ఒక పెద్ద పెట్టెకు బదులు రెండు చిన్నవి కట్టించుకుని, ఎదురెదురు గోడల మధ్యభాగాల్లో చెరొకటి పెట్టండి. ఆ రెండు గోడల మధ్య పుట్టే మొదటి అనునాదాన్ని అవి ఒకదానికొకటి రద్దు చేస్తాయి, పక్క సీట్లలో కూర్చున్నవారికి కూడా బేస్ దాదాపు ఒకేలా అందుతుంది.