టరాంటులా సంతానానికి కుబుసమే క్యాలెండర్

టరాంటులాలంటే ఒళ్లంతా వెంట్రుకలుండే పెద్ద సాలీళ్లు. వాటిని పెంచుతూ పిల్లలు పెట్టించాలనుకునే వాళ్లని ఎవరైనా మొదట అడిగేది ఒకటే: ఆడది మగదాన్ని తినేయదా? తినేయొచ్చు. కానీ చాలా ప్రయత్నాలు అంత దూరం కూడా వెళ్లవు. ఆడ, మగ ఒకే సమయానికి సిద్ధంగా ఉండకపోవడమే అసలు చిక్కు.

ఒకే గుడ్ల సంచిలోంచి వచ్చిన పిల్లల్ని పక్కపక్క డబ్బాల్లో పెట్టి, ఒకే తిండి వేసి పెంచినా మగవి ముందే ఎదిగిపోతాయి. చాలా జాతుల్లో ఈ తేడా నెలల్లో కాదు, ఏళ్లలో ఉంటుంది. మగది చివరి కుబుసం విడిచి పెద్దదయ్యాక ఇక బతికేది కొన్ని నెలలు, మహా అయితే ఏడాదో రెండేళ్లో. దాని తోబుట్టువైన ఆడది అప్పటికి ఇంకా చిన్నదే. పైగా మెక్సికో ఎర్రమోకాళ్ల టరాంటులా లాంటి జాతుల్లో ఆడవి ఇరవై ఏళ్లు దాటి బతుకుతాయి. ఈ తేడా వల్ల అడవిలో తోబుట్టువుల మధ్య జత కుదిరే అవకాశం తగ్గుతుంది. పెంపకందారుకి మాత్రం ఇది పెద్ద టెన్షన్. చేతిలో ఎదిగిన మగది ఉంటే ఆడది ఉండదు, ఆడది ఉంటే మగది ముసలిదైపోయి ఉంటుంది. అందుకే వీళ్లలో ఒక పద్ధతి ఏర్పడింది. ఎదిగిన మగదాన్ని ఆడది ఉన్నవాళ్లకి అప్పుగా పంపిస్తారు, పిల్లలు పుడితే చెరి సగం పంచుకుంటారు.

అసలు ఏది మగో ఏది ఆడో తెలిసేది ఎలా? విడిచిన కుబుసం చూసి చెప్పాలి. పొట్ట భాగం తోలు నలిగి, ఎండి ముద్దగా ఉంటుంది. దాన్ని గిన్నెలు తోమే సబ్బు చుక్క కలిపిన నీళ్లలో నానబెట్టి, చిన్న బ్రష్షుతో మెల్లగా విప్పాలి. లోపలివైపు నాలుగు తెల్లటి మచ్చలు కనిపిస్తాయి. అవి ఊపిరితిత్తుల ఆనవాళ్లు. ముందు రెండు మచ్చల మధ్య చిన్న రేకు లాంటిది నిలబడి ఉంటే అది ఆడది. ఆ రేకు పేరు స్పెర్మథీకా, అంటే మగదాని వీర్యాన్ని ఆడది దాచుకునే సంచి.

ఆ సంచి లోపలి పొర కూడా కుబుసంతో పాటే ఊడి వచ్చేస్తుంది. ఇంట్లో మూలల్లో గూళ్లు కట్టే మామూలు సాలీళ్లలో చాలా వరకు ఆడవి పెద్దవయ్యాక ఇక కుబుసం విడవవు. టరాంటులా ఆడవి మాత్రం జీవితాంతం విడుస్తూనే ఉంటాయి. విడిచినప్పుడల్లా దాచుకున్న వీర్యం అంతా పోతుంది, వ్యవహారం మళ్లీ మొదటికొస్తుంది. అంటే జత కట్టించిన నెలకే ఆడది కుబుసం విడిస్తే పడ్డ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే. కాబట్టి పెంపకందారు ముందుగా చూసేది ఆడది కిందటిసారి కుబుసం విడిచిన తేదీ. విడిచి కొన్ని వారాలై, కోరలు గట్టిపడి, కడుపునిండా తింటున్న సమయమే జతకు మంచిది.

మగదాని వైపు చూస్తే నాకు అన్నిటికన్నా ఆశ్చర్యంగా అనిపించే ఘట్టం ఆడదాన్ని కలవకముందే జరిగిపోతుంది. వీర్యం ఊరేది దాని పొట్ట కింద. దాన్ని ఆడదానికి అందించే అవయవం ఉండేదేమో తల దగ్గర, పెడిపాల్ప్స్ అనే పొట్టి చేతుల చివర. ఈ రెండింటికీ లోపల ఎలాంటి దారీ లేదు. అందుకని మగది ఒక రాత్రి చిన్న పందిరిలా దారాల పొర అల్లుతుంది. దాని కిందకి వెల్లకిలా దూరి, పొర అడుగున ఒక చుక్క వీర్యం వదులుతుంది. తర్వాత పైకెక్కి, అంచు మీద నుంచి పెడిపాల్ప్స్‌ని చాపి, ఇంకు ఫిల్లర్ సిరా పీల్చుకున్నట్టు ఆ చుక్కని ఒకదాని తర్వాత ఒకదానితో లోపలికి తీసుకుంటుంది. మొత్తం తతంగానికి కొన్ని గంటలు పడుతుంది. తెల్లారి డబ్బాలో చిరిగిన పొర కనిపిస్తే మగది సిద్ధమైనట్టే.

జత కట్టించే రోజు మగదాన్నే ఆడదాని ఇంటికి తీసుకెళ్తారు. అంతకుముందు కొన్ని వారాలు ఆడదానికి బాగా మేత వేస్తారు. ఆకలితో ఉన్న ఆడదాని దగ్గరికి మగదాన్ని పంపడం క్రూరత్వమే అంటాను. ఆడదాని దారాలు కాలికి తగలగానే మగది ఒళ్లంతా వణికిస్తూ, కాళ్లతో నేలను తడుతుంది. ఆడది ఒప్పుకుంటే చాలాసార్లు ముందు కాళ్లతో టపటపా కొట్టి జవాబిస్తుంది. ఆ చప్పుడు డబ్బా బయటికి కూడా వినిపిస్తుంది. మగది దగ్గరికి వెళ్లి, ముందు కాళ్ల మీద ఉన్న కొక్కేలతో ఆడదాని కోరల్ని పట్టి ఆపి, దాన్ని పైకెత్తి, కింద నుంచి పెడిపాల్ప్ అందిస్తుంది. కొన్ని జాతుల్లో ఈ కొక్కేలు ఉండవు. భూమ్మీద అత్యంత బరువైన సాలీడుగా పేరుపడ్డ దక్షిణ అమెరికా గోలియత్ టరాంటులా అలాంటిదే. పని అయిపోగానే మగది వెనక్కి దూకి పరిగెడుతుంది. ఆ క్షణంలో ఇద్దరి మధ్య అడ్డు పెట్టడానికి అట్టముక్కో పొడవాటి పట్టకారో చేతిలో ఉండాలి. చెట్ల మీద బతికే కొన్ని జాతుల్లోనైతే జంటను రోజుల తరబడి కలిపి ఉంచినా గొడవ పడవు.

ఆ తర్వాత ఎదురుచూపే. గుడ్ల సంచి రావడానికి వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు. వర్షాకాలం, ఎండాకాలం తేడా తెలిసిన జాతులకు ఆ మార్పును డబ్బాలో కూడా కల్పించాలి. కొన్నాళ్లు చల్లగా పొడిగా ఉంచి, తర్వాత తేమ పెంచుతారు. ఆడది ముందు దారాలతో పరుపు నేసి, దాని మీద గుడ్లు పెట్టి, అంచులు మడిచి బంతిలా చుట్టేస్తుంది. దాచిన వీర్యం గుడ్లకు చేరేది అవి బయటికి వచ్చే ఆ సమయంలోనే. గోలియత్ ఆడది తన పొట్ట మీది దురద పుట్టించే వెంట్రుకల్ని కూడా సంచిలో కలిపి అల్లుతుంది. గుడ్లను తినే ఈగ పురుగులకి అవి అడ్డుగోడ. కొన్ని జాతుల సంచిలో వందలోపు గుడ్లే ఉంటాయి. బ్రెజిల్‌కి చెందిన లాసియోడోరా పారాహైబానా సంచిలో వెయ్యి దాటడం మామూలే.

సంచిని తల్లి దగ్గరే ఉంచాలా, నెల తర్వాత తీసేసి ఇంక్యుబేటర్‌లో పెట్టాలా అన్నది పెంపకందారుల మధ్య ఎప్పుడూ నలిగే చర్చ. తల్లి సంచిని పట్టుకుని తిప్పుతూ ఉంటుంది, లేకపోతే గుడ్లు ఒకదానికొకటి అంటుకుని పాడైపోతాయి. తీసేస్తే ఆ తిప్పే పని మనిషి మీద పడుతుంది, తేమ కొంచెం ఎక్కువైతే బూజు పడుతుంది. అయితే ఎవరైనా కదిలిస్తే తల్లే సంచిని తినేసిన సందర్భాలూ ఉన్నాయి. డబ్బాను ఎవరూ ముట్టుకోని చోట పెట్టగలిగితే నా ఓటు తల్లికే.

ఇంత శ్రమ ఎందుకంటే, అడవి నుంచి పట్టుకొచ్చిన సాలీళ్ల మీద ఆధారపడకుండా ఉండాలి కాబట్టి. ఎదిగి గుడ్లు పెట్టడానికి ఏళ్లు పట్టే జీవిని అడవిలోంచి ఏరుకుపోతే ఆ లోటు అంత తేలిగ్గా పూడదు. నీలి రంగులో మెరిసే టరాంటులా, పోయెసిలోథీరియా మెటాలికాని 1899లో పోకాక్ అనే బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త వర్ణించాడు. ఆ నమూనా దొరికింది గుత్తి రైల్వే కలప యార్డులో. వందేళ్ల తర్వాతే అది నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనిపించింది. ఇప్పుడది తీవ్రంగా అంతరించిపోతున్న జాతుల జాబితాలో ఉంది. 2019లో పోయెసిలోథీరియా ప్రజాతి మొత్తాన్ని, వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో చేర్చారు. అందుకే జత కట్టించే రెండూ ఎక్కడి నుంచి వచ్చాయో తెలియకుండా పనికి దిగకూడదు.

ఏ జాతివో కూడా తెలియాలి. దశాబ్దాలుగా బ్రాకిపెల్మా స్మితి అని పిలిచిన పెంపుడు సాలీళ్లలో చాలా వరకు నిజానికి బ్రాకిపెల్మా హామొరి అని 2017లో జరిగిన పరిశీలనలో తేలింది. రెండూ ఎర్రమోకాళ్లవే, చూపుకి ఒకేలా ఉంటాయి. పాత లేబుల్ నమ్ముకుని జత కట్టిస్తే సంకర పిల్లలు పుట్టొచ్చు. అవి అదే పేరుతో చేతులు మారుతూ పోతే తర్వాత విడదీయడం ఎవరి తరమూ కాదు.

పిల్లలు సంచి వదిలి సొంతంగా వేటాడే దశకి రాగానే చాలా జాతుల్లో ఒకదాన్నొకటి తినడం మొదలుపెడతాయి. యెమెన్‌కి చెందిన సొకోట్రా దీవి టరాంటులా, మోనోసెంట్రోపస్ బాల్ఫౌరి మాత్రం తల్లితో కలిసి గుంపుగా బతుకుతుంది. మిగతావాటిని వెంటనే వేరు చేయాలి. అంటే వందల చిన్న సీసాలు, వందల నోళ్లకి సరిపడా చిన్న పురుగులు. తీసుకునేవాళ్లు ఎవరో జతకు ముందే తేల్చుకోవాలి. ప్రతి సీసా మీదా జాతి పేరు, తల్లిదండ్రులు ఎవరి దగ్గర నుంచి వచ్చాయి, సంచి విప్పిన తేదీ రాయాలి. ఆ కాగితం పిల్లతో పాటే వెళ్లాలి. రెండేళ్ల తర్వాత ఎవరో ఒక మగదాన్ని అప్పు అడిగినప్పుడు, అది తమ ఆడదానికి సొంత అన్నో కాదో చెప్పగలిగేది అదొక్కటే.