ఇంటిపని కూలిలెక్కలో ఎందుకు లేదు? సిరొంచ (మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా) వైపు వినపడే అపోహలు, వాస్తవాలు

అపోహ: సామాజిక పునరుత్పత్తి అంటే పిల్లల్ని కనడమే.

వాస్తవం: కనడం అందులో ఒక భాగం. నిన్న అలసి వచ్చిన మనిషి ఇవాళ మళ్ళీ పనికి పోవాలంటే నీళ్ళు తేవాలి, వండాలి, ఉతకాలి, జ్వరమొస్తే పక్కన కూర్చోవాలి. ఆ చాకిరీ అంతా ఇందులోకే వస్తుంది.

అపోహ: మగవాడి కూలిలోనే ఇల్లాలి పని కూడా కలిసి ఉంటుంది.

వాస్తవం: కనీస వేతనానికి కొలతలు పెట్టింది 1957 నాటి 15వ భారత కార్మిక సదస్సు. సంపాదించే ఒక్కరి మీద మూడు వినియోగ యూనిట్ల కుటుంబం (పెద్ద మగవాడి వాటా ఒక యూనిట్), తలకు ఏడాదికి 18 గజాల బట్ట, వంటచెరకు, దీపం వగైరాకు వేతనంలో 20 శాతం. బియ్యానికి డబ్బు కట్టారు గానీ వండే గంటలకు కట్టలేదు.

అపోహ: ఆడవాళ్ళు కూలికి పోతే సమస్య తీరినట్టే.

వాస్తవం: తునికాకు (బీడీ ఆకు) కోసే రోజులు చూడండి. తెల్లారకముందే అడవికి పోయి, ఎండ ముదిరేలోపు ఆకు తెచ్చి, ఇంటి నీడన కూర్చొని 70 ఆకులకొక కట్ట కడతారు. వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డ్ బ్యాగు. ఆకు కొనే కల్లంలో డబ్బులిచ్చేది కట్టలకే. కట్ట కడుతూ ఒక కాలితో ఊయల ఊపిన గంటలు ఎవరి లెక్కలోనూ పడవు. మిరప ఏరడానికి తెలంగాణకు వలసపోతే వంటా పిల్లలూ ముసలమ్మ మీదో, బడి మానిన పెద్దపిల్ల మీదో పడతాయి. చేను యజమానికి పెరిగిన కూలిమనిషి దొరుకుతుంది. పెంచిన ఖర్చూ, ముసలితనంలో చూసే ఖర్చూ ఇక్కడి ఇళ్ళవే.

ఈ ఇంటిపని గంటల లెక్క తీసేటప్పుడు "ఏం పని చేస్తవమ్మా?" అని అడగొద్దు. "ఏం లేదు, ఇంట్లనే ఉంట" అంటుంది. తెల్లవారుజామున 4 నుంచి మర్నాడు 4 దాకా అరగంటకొక గడి గీసి, ప్రతి గడిలో చేసిన రెండు మూడు పనులూ రాయండి. ఒక్కటే రాస్తే ముందు మాయమయ్యేది పిల్లల్ని చూసుకున్న సమయం. జాతీయ కాల వినియోగ సర్వేలోనూ అరగంట గడులే. 2024 లెక్కన జీతం లేని ఇంటిపనికి రోజుకు ఆడవాళ్ళు 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు పెట్టారు. ఆ 88 కూడా ఇంటిపని చేసిన మగవాళ్ళ సగటే. అసలు చెయ్యి పెట్టనివాళ్ళు అందులో లేరు.

అపోహ: ఇదంతా పడమటి దేశాల గొడవ.

వాస్తవం: జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో అచ్చువేసిన అధ్యయనం మన నరసాపురం లేసు అల్లే స్త్రీల మీదే. "ఇల్లాళ్ళు తీరిక వేళల్లో అల్లుకుంటారు" అనే పేరు పెట్టి కూలి కోశారు, ఎగుమతి లాభం వ్యాపారులకు పోయింది.

అపోహ: ఇంటిపనికి జీతం అడగడమే ఈ సామాజిక పునరుత్పత్తి సిద్ధాంతం.

వాస్తవం: 1972లో మొదలైన 'ఇంటిపనికి జీతం' ఉద్యమం ఆ కోరిక పెట్టింది. అమెరికా నల్లజాతి స్త్రీవాది ఏంజెలా డేవిస్ 1981లో దాన్ని ఒప్పుకోలేదు, ఇంటిపనిని సమాజమే చేపట్టాలంది. మేము నిలబడేది ఆమె వైపే. తునికాకు రోజుల్లో అంగన్‌వాడీ తెల్లారకముందే తెరవాలి, మిరప చేల దగ్గర పసిపిల్లలకు నీడా, చూసే మనిషీ ఉండాలి, ఆ మనిషికి కూలి ముట్టాలి.