నిర్మాణ సేవల ఎగుమతి: అపోహలు – వాస్తవాలు

అపోహ: కట్టడం కదలదు, కదలనిదాన్ని ఎగుమతి ఎలా చేస్తారు?

వాస్తవం: ఎల్లలు దాటేది కట్టే సేవ. ఒక దేశంలో గీసిన డ్రాయింగు మరో దేశపు సైటుకు చేరడం, అక్కడ శాఖ తెరిచి పని చేయడం, ఇంజనీర్లు కొంతకాలం వెళ్లి రావడం – ఇవన్నీ 1995లో అమల్లోకి వచ్చిన గాట్స్ (దేశాల మధ్య సేవల వ్యాపారంపై ప్రపంచ వాణిజ్య సంస్థ) ఒప్పందం గుర్తించిన సేవా వ్యాపార పద్ధతులే. మెలిక గణాంకాలలో ఉంది. చెల్లింపుల శేషం (ఒక దేశానికి మిగతా దేశాలతో జరిగే లావాదేవీల) లెక్కల్లో, ఏడాదికి మించి సాగుతూ విడి పద్దులున్న సైటు కార్యాలయాన్ని సాధారణంగా పని జరిగే దేశపు సంస్థగానే చూస్తారు కనుక, పెద్ద ప్రాజెక్టులు చాలావరకు ఎగుమతి అంకెల్లో కనిపించనే కనిపించవు.

అపోహ: చౌక కూలీలున్న దేశానిదే పైచేయి.

వాస్తవం: తొలి అడుగుకు అది పనికొస్తుంది. దక్షిణ కొరియాకు చెందిన హ్యుందాయ్ కన్‌స్ట్రక్షన్ 1965లో థాయిలాండ్‌లో పత్తాని–నరాథివాత్ రహదారి పనిని దక్కించుకుని నష్టపోయింది. అదే సంస్థ 1976లో సౌదీ అరేబియాలోని జుబైల్ రేవు పనిని సుమారు 93 కోట్ల డాలర్లకు చేజిక్కించుకుని, జాకెట్లను, అంటే కట్టడాన్ని సముద్రంలో నిలబెట్టే భారీ ఉక్కు చట్రాలను, స్వదేశంలోని ఉల్సాన్‌లో తయారుచేసి బార్జీల మీద సముద్రాలు దాటించింది. కూలి రేటు ఎంత తక్కువైనా దాని బలంతో జాకెట్లు ఉల్సాన్ నుంచి జుబైల్ చేరవు.

అపోహ: టెండరు గెలిస్తే బ్యాంకు వెనకాలే వస్తుంది.

వాస్తవం: నా అనుభవంలో ఎగుమతులు పెరగకుండా ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. బిడ్ గ్యారంటీ, పనితీరు గ్యారంటీ, అడ్వాన్సుకు మరో గ్యారంటీ – ఒక్కో ఆర్డరూ బ్యాంకు ఇచ్చిన పరిమితిలో కొంత మింగేస్తుంది. ఒక ఏడాది మూడు ఆర్డర్లు చేతిలో ఉండగా, మాకు అన్నివిధాలా అనుకూలమైన నాలుగో టెండరును పరిమితి నిండిపోయినందువల్లే వదులుకున్నాం. పైగా ఇవి అడిగిన వెంటనే చెల్లించాల్సిన గ్యారంటీలు. 2010 నుంచి అమల్లో ఉన్న యూఆర్‌డీజీ 758 (ఇలాంటి గ్యారంటీలకు అంతర్జాతీయ వాణిజ్య మండలి రాసిన) నియమాలు వర్తించేచోట బ్యాంకు 5 పనిదినాల్లో కాగితాలను పరిశీలిస్తుందే తప్ప, తప్పెవరిదో విచారించదు.

అపోహ: పని నిజాయతీగా చేస్తే అదనపు ఖర్చు ఎప్పుడైనా రాబట్టుకోవచ్చు.

వాస్తవం: ఫిడిక్ (కన్సల్టింగ్ ఇంజనీర్ల అంతర్జాతీయ సమాఖ్య) 1999, 2017లలో వెలువరించిన నమూనా ఒప్పంద పత్రాల ప్రకారం, అదనపు సొమ్ముకో గడువుకో కారణమైన సంగతి తెలిసిన, లేదా తెలిసి ఉండాల్సిన, నాటి నుంచి 28 రోజుల్లోపు కాంట్రాక్టరు నోటీసు ఇవ్వాలి. పునాది తవ్వకంలో ఊహించని రాయి తగిలిన ఒక సైటులో ఇంజనీరు డైరీ చూశాను: తేదీ, రాయి తగిలిన లోతు, పని లేక నిలిచిన ఎక్స్‌కవేటర్ల నంబర్లు, ఫోటోలు, అన్నీ ఉన్నాయి. లేనిదల్లా ఒక పేజీ నోటీసు. అది వెళ్లింది 33వ రోజున. క్లెయిము అక్కడితో సరి. కొత్తగా విదేశాలకు వెళ్లే సంస్థలు సైటుకు పంపే మొదటి పదిమందిలో ఒప్పందం చదవగలిగినవారు ఒకరు ఉండి తీరాలని నేను మొండిగా వాదించేది ఇందుకే.

అపోహ: పన్ను సంగతి లాభం వచ్చాక చూసుకోవచ్చు.

వాస్తవం: రెండు దేశాల మధ్య ద్వంద్వ పన్నుల నివారణ ఒప్పందం ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలున్న ఆర్థిక సహకార సంస్థ) నమూనాను అనుసరిస్తే 12 నెలలు, ఐక్యరాజ్యసమితి నమూనాను అనుసరిస్తే 6 నెలలు దాటిన సైటు ఆ దేశంలో శాశ్వత స్థావరమై, లాభంపై అక్కడ పన్ను పడుతుంది. ఈ లెక్క పునాది రాయి నాటిది కాదు, సైటులో ప్రణాళికా కార్యాలయం తెరిచిన నాటిది. వానలకు పని ఆగిన రోజులూ అందులోనే కలుస్తాయి.